ఎల్ట్స్ కోట: దాయాదుల వాటాల్లో పుట్టిన అందం (అపోహలు - వాస్తవాలు)

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. జర్మనీ కోటలంటూ నాకు వచ్చే ఫొటోల్లో సగం ఎల్ట్స్‌వే. మోజెల్ నదికి దగ్గర్లో, అడవి మధ్య రాతిగుట్ట మీద ఉంటుంది. ఫొటోలతో పాటు కొన్ని కథలూ వస్తుంటాయి.

అపోహ: ఎవరో రాజు ముచ్చటపడి కట్టించాడు.

వాస్తవం: రాజు లేడు, ముచ్చటా లేదు. ఇది ఎల్ట్స్ వంశంవారిది. 1157 నాటి పత్రంలో సాక్షిగా రూడోల్ఫ్ అనే ఎల్ట్స్ పేరుంది. నేటికీ ఆ వంశం చేతిలోనే ఉంది. 1268 నాటికే అన్నదమ్ములు మూడు వాటాలు వేసుకున్నారు. మన ఊళ్లో అయితే పెరట్లోకి ఇంకో గది జరుపుతారు. ఇక్కడ గుట్ట అంచు దాటితే లోయే! అందుకే ఎవరి వాటాలో వాళ్లు పైకి లేపుకుంటూ పోయారు, కొన్నిచోట్ల ఎనిమిది అంతస్తుల దాకా. ఆ వంశంలోని రూబెనాఖ్ శాఖ వారి ఇల్లు 1472లో పూర్తయితే, కెంపెనిఖ్ శాఖ వారి పని 17వ శతాబ్దంలోనూ నడిచింది. ఒకరి కప్పుకీ ఇంకొకరి కప్పుకీ పొంతన ఉండదు. మనం ఫొటో తీసుకునేది ఆ పొంతన లేకపోవడాన్నే.

అపోహ: ఎన్నడూ ఎవరికీ లొంగలేదు.

వాస్తవం: లొంగింది. ఆ ప్రాంతాన్ని ఏలుతున్న క్రైస్తవ మతాధిపతి, ట్రియర్ నగర ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్ 1331లో ఎదురు కొండ మీద ఇంకో చిన్న కోట కట్టించి, అక్కడి నుంచి రాళ్లు విసిరించాడు. కొన్నేళ్లకు ఎల్ట్స్ వంశంవారు సంధికి దిగారు. 1689 ప్రాంతంలో ఫ్రెంచి సైన్యం చుట్టుపక్కల కోటలు కూలుస్తున్నప్పుడు దీన్ని కాపాడింది గోడలు కాదు, ఆ సైన్యంలోనే అధికారిగా ఉన్న ఇంటి మనిషి.

అపోహ: అప్పటి కోటలన్నీ కంపు కొట్టేవి.

వాస్తవం: ఇక్కడ 20 మరుగుదొడ్లున్నాయి. వాననీరు పట్టి వాటిని కడిగేవారు.

అపోహ: అంతా మధ్యయుగం నాటిదే.

వాస్తవం: 1845 నుంచి 1888 దాకా పెద్ద మరమ్మతు జరిగింది. 1920లో కెంపెనిఖ్ భాగం తగలబడితే మళ్లీ కట్టారు. మా వృత్తిలో దీన్ని తప్పుపట్టం.

అపోహ: వాటాలయ్యాక మాటల్లేవు.

వాస్తవం: కలిసుండటానికి ఒప్పందాలు రాసుకున్నారు. అందరికీ ఉమ్మడిగా ఒక పెద్ద హాలుంది. అందులో విదూషకుడి ముఖాలు చెక్కారు, ఎవరేమన్నా అనొచ్చని. తలుపు మీద మాత్రం గులాబీ చెక్కారు, ఆ మాట గడప దాటకూడదని.