కారు కిటికీలోంచి రాసిన అక్షరం

బ్రిటన్‌లో ప్రతి ఇంటికీ పన్ను కోసం ఒక అక్షరం ఉంటుంది, దాన్ని బ్యాండ్ అంటారు. ఆ అక్షరం చూసి ఇంట్లోవాళ్లు డాక్టర్ దగ్గరికి ఎంత తరచుగా వస్తారో చెప్పొచ్చన్న ఆలోచన ఎలా పుట్టిందో తెలియాలంటే, ముందు పోల్ టాక్స్ గొడవ తెలియాలి.

ఉన్నవాడికీ లేనివాడికీ దాదాపు ఒకే పన్ను అంటూ 1989లో స్కాట్లాండ్‌లో, మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో దాన్ని తెచ్చారు. జనం తిరగబడ్డారు, లండన్‌లో అల్లర్లయ్యాయి. దాని స్థానంలో 1993 ఏప్రిల్‌లో ఇంటి విలువను బట్టి వేసే కౌన్సిల్ టాక్స్ వచ్చింది. టైమ్ లేదు, కోట్ల ఇళ్లకు విలువ కట్టాలి, దాంతో చాలాచోట్ల గడప కూడా తొక్కకుండా కారులో మెల్లగా వీధి వెంట పోతూ, కిటికీలోంచి ఇల్లు చూసి బ్యాండ్ రాసుకున్నారు. 'సెకండ్ గేర్' వాల్యుయేషన్ అనే పేరు అలా వచ్చిందే. 1991 ఏప్రిల్ 1 నాటి ధర ప్రకారం ఇంగ్లండ్‌లో 40,000 పౌండ్ల దాకా 'ఏ', 3,20,000 దాటితే 'హెచ్'.

అప్పటికి వైద్యరంగంలో వేరే తలనొప్పి ఉంది. పేదల ఆరోగ్యం ఎంత వెనకబడి ఉందో 1980లో బ్లాక్ రిపోర్ట్ చూపించింది. పేద వార్డుల్లోని పేషెంట్లను చూసే జీపీలకు, అంటే ఫ్యామిలీ డాక్టర్లకు, 1990 నుంచి అదనంగా డబ్బిచ్చారు. కానీ ఆ పేదరికాన్ని కొలిచింది జార్మన్ స్కోరుతో, అది పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కల నుంచి తీసింది, పైగా వార్డు మొత్తానికీ ఒకటే అంకె. షాపు మీది ఇరుకు ఫ్లాట్‌లో ఉండేవాళ్లూ, వెనక వీధిలో తోట ఉన్న పెద్దింటివాళ్లూ ఆ లెక్కలో ఒకటే. బ్యాండ్ అయితే ఇంటింటికీ వేరు, అడ్రస్ ఉంటే చాలు, ఎవరైనా చూసుకోవచ్చు.

అందుకే 2000 ప్రాంతంలో కొందరు జీపీలు తమ పేషెంట్ల బ్యాండ్లు తీసి రికార్డులతో పోల్చారు. కింది బ్యాండ్లవాళ్లే ఎక్కువగా వస్తున్నారని తేలింది.

లోపాలు లేవని కాదు. పెద్దింట్లో చిన్న పెన్షన్‌తో ఒంటరిగా బతికే ముసలావిడ ఈ లెక్కకు దొరకదు. వేల్స్ 2005లో కొత్త విలువలకు మారింది, ఇంగ్లండ్ మాత్రం 2007కి అనుకున్న మార్పును మానేసి 1991 దగ్గరే ఉండిపోయింది. అయినా వార్డు సగటు కన్నా ఇది మనిషికి చాలా దగ్గర, వాడుకోవాల్సిందనే నా అభిప్రాయం. 2004లో జీపీలకు నిధులు పంచడానికి తెచ్చిన కార్-హిల్ ఫార్ములాలో పేషెంట్ వయసుంది, ఆడా మగా అన్నదుంది, ఆ ప్రాంతపు అనారోగ్యం ఉంది. ఇంటి బ్యాండ్ లేదు.