ఏడో తరగతి నిద్ర వేరు, పదో తరగతి నిద్ర వేరు

నాగర్‌కర్నూల్ నుంచి ఒక తల్లి అడిగారు: "మా చిన్నోడు ఏడో తరగతి, పెద్దోడు పది. ఇద్దరిదీ ఒకటే బడి. చిన్నోడు తొమ్మిదిన్నరకు అన్నం ముందల కూసొనే తూగుతడు. పెద్దోనికి పదకొండైనా కన్ను మూతపడదు, పొద్దున లేపితే లేవడు. అంతా ఫోన్ వల్లనేనా సార్?"

ఫోన్ వల్ల కొంత ఉంది. కానీ ఫోన్ లాగేసుకున్నా పెద్దోడు తమ్ముడిలా తొమ్మిదిన్నరకు నిద్రపోలేడు. తిండిలో, స్నేహాల్లో, పాఠాల్లో ఈ రెండు వయసుల మధ్య తేడాల గురించి టీచర్లు, తల్లిదండ్రులు మాట్లాడుతూనే ఉంటారు. నిద్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరికీ ఒకటే రూలు పెడతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

నిద్రను నడిపేవి రెండని 1982లో నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించారు. వాటిని ఒకే కాడికి కట్టిన ఎద్దుల జత అనుకోండి. ఒక ఎద్దు అలసట. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ లాంటి పదార్థాలు పేరుకుంటూ నిద్రను ముంచుకొచ్చేలా చేస్తాయి. టీలోని కెఫీన్ ఆ అడెనోసిన్ పనిచేసే చోటును ఆక్రమిస్తుంది కాబట్టే నిద్ర కాసేపు ఆగుతుంది. రెండో ఎద్దు ఒంటి లోపలి గడియారం. రెండు కళ్ల నరాలు కలిసే చోటుకు కాస్త పైన సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటుంది, ఆ గడియారం అదే. చీకటి పడ్డాక దాని సందేశంతోనే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. అప్పుడు శరీరానికి రాత్రి మొదలైనట్టు.

చిన్నోడి విషయంలో రెండెద్దులూ కలిసి అడుగేస్తాయి. యుక్తవయసు వచ్చాక రెండూ నిదానిస్తాయి. అలసట మెల్లగా పేరుకుంటుంది, మెలటోనిన్ గంట నుంచి రెండు గంటల దాకా ఆలస్యంగా వస్తుంది. పైగా నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు గడియారం మెలకువ వైపే గట్టిగా లాగుతుంది. రాత్రి తొమ్మిదికి పదో తరగతి పిల్లాడు అంత హుషారుగా ఉండేది అందుకే. అది మొండితనం కాదు, బద్ధకం అసలే కాదు. మరి బండి మీద బరువు, అంటే కావాల్సిన నిద్ర, తగ్గిందా అంటే పెద్దగా తగ్గలేదు. అమెరికా నిద్ర వైద్యుల సంస్థ లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9–12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8–10 గంటల నిద్ర కావాలి.

ఇప్పుడు పరీక్షల ముందు మన ఇళ్లల్లో, హాస్టళ్లలో ఏం చేస్తామో చూడండి. నాలుగున్నరకు లేపి పుస్తకం చేతికిస్తాం. బ్రాహ్మీ ముహూర్తంలో చదివింది మరిచిపోరని పెద్దల నమ్మకం. ఆ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలవుతుంది. జనవరిలో నల్లగొండలో పొద్దు పొడిచేది 6:40 దాటాకే, అంటే నాలుగున్నర ఆ లెక్కకూ రాదు.

శరీరం లెక్క ఇంకా కచ్చితమైనది. మనంతట మనం లేచే వేళకు దాదాపు రెండు గంటల ముందు ఒంటి వేడి అతి తక్కువకు దిగుతుంది. ఆ సమయం కంటే ముందు కంట్లో పడ్డ వెలుతురు మరుసటి రాత్రి నిద్రను ఆలస్యం చేస్తుంది, తర్వాత పడ్డది త్వరపెడుతుంది. లేపకపోతే ఏడుకు లేచే పిల్లాడికి ఆ సమయం సుమారు ఐదు. అతన్ని నాలుగున్నరకు ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెడితే గడియారం ఇంకా ఆలస్యమయ్యే వీలుంది. కలలొచ్చే నిద్ర కూడా ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే ఉంటుంది, కోత పడేది దానికే.

కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టం ఈ తేడాను గుర్తించింది. 2022 జూలై నుంచి అక్కడ మిడిల్ స్కూల్ 8 గంటలకు ముందు, హైస్కూల్ 8:30కి ముందు మొదలుపెట్టకూడదు. మనకు దేవరకొండైనా అచ్చంపేటైనా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ఒకటే గంట. అయినా బడి గంట కంటే నష్టం చేసేవి పదో తరగతికి పెట్టే పొద్దుటి స్పెషల్ క్లాసులు. తరగతిని బట్టి కూడా పూర్తిగా చెప్పలేం. ఆడపిల్లలకు యుక్తవయసు ముందే వస్తుంది కాబట్టి ఏడో తరగతిలోనే కొందరి నిద్రవేళ ఆలస్యం వైపు జరిగిపోయి ఉంటుంది.

ఇక ఆ తల్లి అడిగిన ఫోన్ సంగతి. రాత్రి వెలుతురుకు మెలటోనిన్ ఎక్కువగా తగ్గేది యుక్తవయసులోకి అడుగుపెడుతున్న పిల్లల్లోనే అని 2015లో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి అమ్మా, రాత్రి భోజనమయ్యాక ముందుగా చిన్నోడి చేతిలోంచి ఫోన్ తీసుకోండి, పెద్ద లైటు ఆర్పండి. పెద్దోణ్ణి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చదవనివ్వండి, వాడి బుర్ర బాగా పనిచేసేది అప్పుడే. పదిన్నరకు పడక, ఆరున్నరకు లేవడం, లేవగానే పావుగంట ఆరుబయట ఎండపొడ. ఆదివారం ఒక గంట అదనంగా పడుకున్నా ఫర్వాలేదు. పదింటి దాకా పడుకోనిస్తే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది.