కేజీ రోడ్డు: రాత్రి తొమ్మిదికి మూతపడే దారి

నందికొట్కూరులో దుకాణాల బోర్డుల మీద చిరునామా ఇప్పటికీ 'కేజీ రోడ్డు' అనే ఉంటుంది. కె అంటే కర్నూలు, జి అంటే గుంటూరు. ఊరు దాటాక కిలోమీటరు రాయి మీద మాత్రం 340సి అని కనిపిస్తుంది. ఆ అంకె చెప్పి దారి అడిగితే ఎవరైనా కాస్త తడుముకుంటారు. కేజీ రోడ్డు ఎక్కడంటే బడికి పోయే పిల్లవాడు కూడా చెయ్యి చూపిస్తాడు.

దశాబ్దాల పాటు రాష్ట్ర రహదారిగా ఉన్న ఈ దారి, జాతీయ రహదారుల లెక్కలోకి ఎక్కాక కాగితం మీద మూడు ముక్కలైంది. కర్నూలు నుంచి దోర్నాల దాకా సుమారు 130 కిలోమీటర్లు 340సి. దోర్నాల నుంచి తోకపల్లి దాకా, హైదరాబాదు నుంచి శ్రీశైలం మీదుగా దిగివచ్చే 765. అక్కడి నుంచి వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు దాకా, అనంతపురంలో మొదలయ్యే 544డి. అంకెలు మారాయి కానీ పాత తగవు అలాగే ఉంది. ఆత్మకూరు దాటి బైర్లూటి చేరగానే నల్లమల మొదలవుతుంది. అక్కడ అటవీ శాఖ చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే తీసేది ఉదయం ఆరింటికే. అడవిలో రోడ్డును వెడల్పు చేయాలని ఒకరంటారు, పులులు తిరిగే చోట కుదరదని ఇంకొకరంటారు.

ఈ అడవి వాకిట మనిషిని నిలబెట్టి లెక్క అడగడం నిన్న మొన్నటిది కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్లారు. యాత్రికుల దగ్గర కందనూరు నవాబు పన్ను వసూలు చేయించడాన్ని తన యాత్రాచరిత్రలో రాసిపెట్టారు. కందనూరంటే కర్నూలే. అప్పటి బాట ఇప్పటి తారు రోడ్డు కాదు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కొండెక్కే కాలిబాట అది. మెట్లు రెడ్డిరాజుల కాలంలో కట్టించినవి. ఉగాది ముందు కన్నడ భక్తులు ఇప్పటికీ ఆ బాటనే నడుస్తారు. ఆ రోజుల్లో ఆత్మకూరు వైపు వెళ్లే బస్సు ఎక్కితే ప్రయాణం నత్తనడకే. రోడ్డు పొడుగునా కంబళ్లు, నెత్తిన మూటలు, భజనలు. కర్రకాళ్ల మీద నడిచివచ్చేవాళ్లూ వాళ్లలో ఉంటారు. డ్రైవరు హారను కొట్టడం మానేసి వాళ్ల వెనకే మెల్లగా పోనిస్తాడు.

నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీవాళ్లు 1839లో దించేశారు. 1858లో కర్నూలు జిల్లా అయింది. ఇక దొరల ప్రభుత్వం ఈ వైపు రవాణాను పట్టించుకుందా అంటే, మొదట దాని చూపు రోడ్డు మీద కాదు, నీటి మీద పడింది. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వే పని 1863లో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. పొలాలకు నీళ్లు, పడవలకు దారి రెండూ అదే ఇస్తుందన్నది లెక్క. ఆ లెక్క తప్పి కంపెనీ దివాలా దారి పట్టింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కోవలసి వచ్చింది. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద నందికొట్కూరు పొలాలు పండాయి కానీ పడవల మాట నిలవలేదు.

ఆ తర్వాత వచ్చిన రైలు ఈ ప్రాంతపు తలరాత రాసేసింది. 1876-78 నాటి ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోయాక, తిండిగింజలు చేరవేయడానికి బళ్లారి సీమను కృష్ణా తీరంతో కలపాలని తలపెట్టారు. నల్లమలను ఎక్కడ దాటాలి? ఆత్మకూరు, దోర్నాల మధ్య కాకుండా దక్షిణాన నంద్యాల, గిద్దలూరుల మధ్య దాటించారు. 1880ల్లో ఆ కొండల్లో కట్టిన దొరబావి వంతెన ఎత్తును పెద్దవాళ్లు ఇప్పటికీ కథలుగా చెబుతారు. పట్టాలు అటు పడటంతో మార్కెట్లూ మిల్లులూ నంద్యాలకు చేరాయి. నందికొట్కూరుకు, ఆత్మకూరుకు ఈ రోజుకూ రైలు లేదు. ఇక్కడి మనిషికి రోడ్డు తప్ప దిక్కు లేకపోవడానికి మూలం అక్కడుంది.

ఈ రోడ్డుకు ఒక్కసారే రాజయోగం పట్టింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలు. హైకోర్టు 1954 జులైలో గుంటూరులో మొదలైంది. అంటే ప్రభుత్వం ఒక కొసన, న్యాయస్థానం మరో కొసన, నడుమ నల్లమల. కె, జి అనే రెండక్షరాలకు అంత బరువు మళ్లీ రాలేదు. 1956 నవంబరులో రెండూ హైదరాబాదుకు వెళ్లిపోయాయి. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామంటూ చట్టం వచ్చినప్పుడు పాత ముచ్చట మళ్లీ కదిలింది. మరుసటి ఏడాదే ఆ చట్టాన్నీ వెనక్కి తీసుకున్నారు.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడి మార్కాపురం తాలూకా అందులో కలిసింది. అప్పటిదాకా కర్నూలు జిల్లాలోనే సాగి వినుకొండ వైపు దిగిన రోడ్డు అడవి మధ్యలో జిల్లా దాటడం మొదలుపెట్టింది. 2022లో నందికొట్కూరు, ఆత్మకూరు కొత్త నంద్యాల జిల్లాకు వెళ్లాయి. ఒక రోడ్డుకు ఇంతమంది పెద్దలుంటే గుంత ఎవరు పూడ్చాలో తేలేసరికి వాన మళ్లీ వస్తుంది.

శ్రీశైలం జలాశయం కథ వేరే చెప్పాలి. 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల మొదట్లో కృష్ణ ఒడ్డు పల్లెలు నీట మునిగాయి. మునిగిన సంగమేశ్వరం గుడి ఏడాదిలో కొద్ది నెలలే నీళ్లలోంచి తేలుతుంది. అప్పుడు దాన్ని చూడబోయే జనంతో ఆత్మకూరు జీపులకు పని దొరుకుతుంది. అదే జలాశయం నుంచి జూపాడు బంగ్లా దగ్గరి పోతిరెడ్డిపాడు తూముల గుండా రాయలసీమకు నీళ్లు వెళతాయి. పక్క రాష్ట్రంతో జగడం రేపిన ఆ పేరును రాష్ట్రమంతా పలుకుతుంది, అక్కడికి తీసుకెళ్లే రోడ్డు పేరు మాత్రం నందికొట్కూరు దాటితే ఎవరికీ గుర్తుండదు.

ఇక అడవి సంగతి. నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం 1978లో అభయారణ్యం అయింది, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. దానికి ముందే 1980లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టం ప్రకారం, అడవి నేలను మరో పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలి. అందుకే మైదానంలో రోడ్డు వెడల్పు చేయడానికి భూమి, డబ్బు ఉంటే చాలు. బైర్లూటి దాటితే ప్రతి అడుగుకూ ఫైలు కదలాలి. ఇక్కడ నేను అటవీ శాఖ వైపే కాస్త మొగ్గుతాను. రోళ్లపెంట ఘాట్ మలుపుల్లో రాత్రివేళ లైట్ల వెలుగుకు కళ్లు చెదిరి రోడ్డు మధ్యలో బిగుసుకుపోయే దుప్పిని తప్పించడం ఎంత కష్టమో ఆ దారిలో లారీ తోలినవాళ్లనే అడగవచ్చు. అయితే నిషేధం పెట్టినవాళ్లు, రాత్రి ప్రయాణం తప్పనివాళ్ల సంగతి కూడా ఆలోచించి ఉండాల్సింది.

తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు బైర్లూటి గేటు దగ్గర ఒక సాయంత్రం నిలబడ్డాను. చివరి కారు లోపలికి దూసుకుపోయింది. వెనకే వచ్చిన ఉల్లిపాయల లారీకి కర్ర అడ్డం పడింది. డ్రైవరు ఏమీ అనలేదు. ఇంజను ఆపి, టార్పాలిన్ తాళ్లు ఒకసారి లాగి చూసుకుని, క్యాబిన్‌లో దుప్పటి పరుచుకున్నాడు. అలవాటైన పని.

కర్నూలు నుంచి విజయవాడ వెళ్లే రాత్రి బస్సులు ఇటు రావు. నంద్యాల, గిద్దలూరు మీదుగా తిరిగి వెళతాయి. అంటే దాదాపు నూట నలభై ఏళ్ల కిందట రైలు ఎంచుకున్న కనుమ వైపే. ఆత్మకూరులో రాత్రి పదికి గుంటూరు ఆసుపత్రికి బయలుదేరాల్సి వస్తే, దోర్నాల వైపు గేటు మూసి ఉంటుంది కాబట్టి, ముందు వెలుగోడు మీదుగా నంద్యాలకు దిగాలి.