ఉత్ర కేసు: కథ మెట్ల మీద పాముతో మొదలవుతుంది

కేరళలో భర్త పాముతో కరిపించి చంపిన ఉత్ర పేరు మళ్లీ వినిపిస్తోంది. దానికి కారణం కేరళ కాదు, పక్కనున్న తమిళనాడు. తిరువళ్లూరు జిల్లాలో పాము కరిచి చనిపోయాడనుకున్న ఒక తండ్రి కేసులో 2025 డిసెంబరులో పోలీసులు ఆయన కొడుకులనే అరెస్టు చేశారు. ఆయన పేరు మీదున్న మూడు కోట్ల రూపాయల బీమా కోసం మొదట నాగుపాముతో కాలి మీద కరిపించారని, చికిత్స అంది ఆయన బతికేసరికి కొద్ది రోజులకే కట్లపామును తెచ్చి మెడ మీద కరిపించారని పోలీసుల ఆరోపణ. అది కోర్టులో తేలాల్సిన విషయం. కానీ ఆ వార్త చదవగానే అందరూ ఒకటే అన్నారు: "ఇది ఆ కేరళ కేసులాగే ఉందే, అక్కడ కూడా రెండుసార్లు కరిచింది కదా."

అవును, అక్కడ కూడా రెండుసార్లు కరిచింది. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

ఉత్ర ఎవరో, సూరజ్ ఎవరో చాలామందికి గుర్తుండే ఉంటుంది, క్లుప్తంగా చెప్పేస్తాను. కొల్లం జిల్లా అంచల్ దగ్గర ఊరి అమ్మాయి, పాతికేళ్లది. కాస్త నెమ్మది, ఏదైనా నేర్చుకోవడంలో ఇబ్బంది ఉండేది. 2018లో అడూర్ వైపు అబ్బాయి సూరజ్‌కిచ్చి పెళ్లి చేశారు. వంద కాసుల దాకా బంగారం, ఐదు లక్షల నగదు, కారు ఇచ్చారు. నెలనెలా ఖర్చులకు డబ్బు కూడా పంపేవాళ్లు. ఒక బాబు పుట్టాడు. 2020 మే 7 ఉదయం పుట్టింట్లో, భర్త పడుకున్న గదిలోనే, నాగుపాము కాటుతో చనిపోయింది. 2021 అక్టోబరులో కొల్లం కోర్టు భర్తను దోషిగా తేల్చింది.

ఈ కేసు అనగానే జనానికి గుర్తొచ్చేది వీడియో. తీర్పుకు ముందు 2021 ఆగస్టులో బయటికొచ్చింది, ఫోన్లన్నీ తిరిగింది. మంచం మీద ఒక బొమ్మ, దాని చేతికి కోడిమాంసం కట్టి ఉంటుంది, మీద నాగుపామును వదులుతారు. పాము పట్టించుకోదు, జారి వెళ్లిపోతుంది. తర్వాత పాము తల పట్టుకుని బలవంతంగా కరిపిస్తారు. మామూలుగా కరిస్తే రెండు కోరల గాట్ల మధ్య దూరం 1.7 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, తల నొక్కి కరిపించినప్పుడు అది పెరిగింది. ఉత్ర చేతి మీద ఉన్న రెండు కాట్లలో ఒకదానికి 2.3, ఇంకోదానికి 2.8 సెంటీమీటర్లు. చూడ్డానికి సినిమాలా ఉంది కాబట్టి కేసంతా ఆ బొమ్మ మీదే తేలిపోయిందని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు తిరువళ్లూరు కేసులోనూ అలాంటి పరీక్ష చేస్తారా అని అడుగుతున్నారు.

నాకైతే అలా అనిపించదు. బొమ్మ మీద ప్రయోగం చేయాలంటే ముందు ఎవరికో ఒకరికి అనుమానం రావాలి కదా. పాము కాటు చావు మీద అనుమానం రావడమే మన దేశంలో పెద్ద విషయం. ఏటా సగటున 58 వేల మంది పాము కాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ కూడా ఉన్నాయి. పొలంలో, గడ్డివాములో, నేల మీద పడుకున్న చోట, ఎవరినో ఒకరిని కరుస్తూనే ఉంటుంది. ఏడుస్తారు, దహనం చేస్తారు, ఎక్స్‌గ్రేషియా కోసం కాగితాలు పెట్టుకుంటారు. ఎవరు తెచ్చి వదిలారని ఎవరూ అడగరు. అదే మనిషిని మళ్లీ కరిచిందనుకోండి, మన దగ్గర దానికీ జవాబు రెడీగా ఉంటుంది: పాము పగబట్టింది. లేదా నాగదోషం ఉంది, శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయించాల్సింది, మోపిదేవిలో మొక్కు ఉండిపోయింది. కేరళలో దాన్ని సర్పదోషం అంటారు, తేడా ఏమీ లేదు. చంపినవాడికి ఇది బాగా తెలుసు. సూరజ్‌కు పాములు అమ్మిన మనిషి అప్రూవర్‌గా, అంటే ప్రాసిక్యూషన్ వైపు సాక్షిగా, మారి చెప్పినదాన్ని బట్టి, ఉత్ర చనిపోయాక సూరజ్ అతనికి ఇచ్చిన సలహా కూడా ఇదే: నోరు మూసుకుని ఉండు, సర్పదోషం అనుకుంటారు.

కాబట్టి అసలు మలుపు కోసం వెతికితే నేను ఆగేది 2020 ఫిబ్రవరి చివర్లో, అడూర్ దగ్గర అత్తగారింట్లో, మెట్ల మీద.

పైన ఫోన్ ఉంది తెమ్మని భర్త పంపాడు. ఉత్ర మెట్లెక్కుతుంటే పాము కనిపించింది. కేకేసింది. సూరజ్ వచ్చాడు, పామును ఏ కంగారూ లేకుండా పట్టుకుని సంచిలో వేసుకుని తీసుకుపోయాడు. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె ఈ సంగతి పుట్టింట్లో చెప్పింది, మామూలుగా ఫోన్లో ఊసులు చెప్పుకున్నట్టే. అప్పటికి అదొక వింత కబురు. మా ఆయన పాముల్ని భలే పడతాడు అన్నట్టు.

అది రక్తపింజరి అని, పాములు పట్టే సురేష్ అనే మనిషి దగ్గర పదివేలు పెట్టి కొన్నదని తర్వాత తేలింది. మెట్ల మీద పని జరగలేదు. మార్చి 2 రాత్రి జరిగింది. పాయసంలో మత్తుమందు కలిపి ఇచ్చాడని, నిద్రలో ఉండగా కాలి మీద రక్తపింజరితో కరిపించాడని ప్రాసిక్యూషన్ వాదన, కోర్టు ఒప్పుకున్నదీ అదే. నొప్పితో అరిచిన మనిషి ఆసుపత్రి చేరేసరికి తెల్లవారుజామైంది. రక్తపింజరి విషం గురించి తెలిసినవాళ్లకు ఆ కొన్ని గంటలంటే ఏమిటో తెలుసు, రక్తం పాడవుతుంది, కండ కుళ్లుతుంది. 52 రోజులు ఆసుపత్రిలో ఉంది, కాలికి ప్లాస్టిక్ సర్జరీ కూడా చేశారు. భార్య అక్కడ మంచం మీద ఉండగా అతను ఫోన్లో పాముల గురించి వెతుకుతూ ఉన్నాడని ఫోన్ పరీక్షలో బయటపడింది.

ఈ 52 రోజుల్లో పోలీసు స్టేషన్లో ఒక్క కాగితం లేదు. ఎందుకుంటుంది? పాము కాటు. పెళ్లయి రెండేళ్లయిన అమ్మాయి, కట్నం కోసం గొడవలున్న ఇల్లు, జనవరిలో తండ్రి వెళ్లి కూతుర్ని తీసుకొచ్చేస్తానని అన్నంత దూరం వెళ్లిన గొడవ. ఇవన్నీ ఒక పక్కన ఉన్నాయి, పాము ఇంకో పక్కన ఉంది, రెండూ కలిపి చూసినవాళ్లు లేరు. కుటుంబాన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. నేనే ఆ ఇంట్లో ఉంటే నేనూ చూసేదాన్ని కాదు. ఆ ఆసుపత్రి నుంచి ఏప్రిల్ 22న పుట్టింటికి తెచ్చుకున్నారు, కాలు ఇంకా నయం కాలేదు. అల్లుడు వచ్చి వెళుతున్నాడు, మర్యాదలు చేస్తున్నారు. మే 6 సాయంత్రం కూడా వచ్చాడు, చేతిలో సంచీతో.

ఆ రాత్రి మత్తుమందు కలిపింది జ్యూస్‌లో. తెల్లారి తల్లి లేపితే కూతురు లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళితే చనిపోయిందన్నారు. గదిలో వెతికితే నాగుపాము దొరికింది, చంపి పాతేశారు.

స్థానిక పోలీసులు అసహజ మరణం అని రాసుకున్నారు. ఇక్కడితో ఆగిపోవాల్సిన కేసు ఇది, నిజంగా. ఆగకపోవడానికి కారణం ఆ తల్లి, తండ్రి, సోదరుడు ఇంట్లో కూర్చుని పాత కబుర్లు మళ్లీ నెమరేసుకోవడం. ఏసీ వేసిన గదిలోకి పాము ఎలా వచ్చింది? అదే గదిలో పడుకున్న మనిషికి ఏమీ తెలియకపోవడం ఏమిటి? అన్నిటికంటే ముందు, మెట్ల మీద పామును ఉత్త చేతుల్తో పట్టిన మనిషి కదా ఇతను? మామూలుగా భార్య పోయినవాడు ఏడుస్తాడు, ఇతను ఆస్తి, బంగారం మాటలెత్తాడన్నది కుటుంబం ఆరోపణ. చనిపోయిన కొద్ది రోజులకే ఫిర్యాదు చేశారు. స్థానికంగా కదలకపోతే కొల్లం రూరల్ ఎస్పీ దగ్గరికి వెళ్లారు. అక్కడ కదిలింది. మే 24న అరెస్టు.

ఒక్కసారి ఆ దారి పట్టాక మిగతావి గబగబా దొరికాయి. సూరజ్‌కీ సురేష్‌కీ మధ్య ఫోన్ కాల్స్. పాతిపెట్టిన పామును తవ్వి తీసి పోస్టుమార్టం చేయించారు. మనిషి చావులో పాముకు పోస్టుమార్టం అన్నది అప్పట్లో జోకులకు కూడా పనికొచ్చింది, కానీ ఆ నిర్ణయం లేకపోతే కరిచిన పాము, దొరికిన పాము ఒకటేనని నిలబెట్టడం కష్టమయ్యేది. పామును తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఉత్ర ఇంటి దగ్గర దొరికింది. ఉత్ర బంగారంలో కొంత సూరజ్ ఇంటి పెరట్లో పాతిపెట్టి ఉండగా దొరికింది, అతని తండ్రిని కూడా అరెస్టు చేశారు. ఆ తర్వాతే అటవీ శాఖ శిక్షణ కేంద్రంలో బొమ్మ, కోడిమాంసం, నాగుపాము. అంటే వీడియో వచ్చేసరికి కథ చాలావరకు తేలిపోయింది, వీడియో చేసిందల్లా కోర్టుకు కళ్లతో చూపించడం. అది చిన్న పని కాదు, అంతకుముందు దేశంలో పాముతో చంపారన్న కేసులు కొన్ని రుజువుల్లేక వీగిపోయాయి. అయినా క్రమం మాత్రం అదే.

డిఫెన్స్ వాళ్ల మాట చిన్నది: పాము తనంతట తాను వచ్చి కరిచింది, ప్రమాదం, చూసినవాళ్లు లేరు. చూసినవాళ్లు లేరన్నది నిజమే. 2020 జులైలో సాక్ష్యాల కోసం బయటికి తెచ్చినప్పుడు విలేకరుల ముందు ఏడుస్తూ నేనే చేశానని అన్నాడు, ఆ వీడియో కూడా తిరిగింది, కానీ కోర్టులో నేరం ఒప్పుకోలేదు. పోలీసుల అదుపులో ఉండగా ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదు కాబట్టి ప్రాసిక్యూషన్ దాని మీద ఆధారపడకుండా గొలుసు అల్లుకుంటూ వచ్చింది. 87 మంది సాక్షులు. సొంతంగా శత్రుత్వం లేని పాములవాడు అప్రూవర్. ఎలుకల కోసమనో ఇంకెందుకనో నమ్మి అమ్మానని అతను చెప్పిన మాట ఎంతవరకు నమ్మొచ్చో నాకు తెలియదు గానీ, రెండు పాములు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో చెప్పగలిగింది అతనొక్కడే.

ఈ మధ్యలో మనవాళ్లకు సంబంధమున్న ఒక ముక్క. 2021 అక్టోబరు 6న, కొల్లం తీర్పుకు సరిగ్గా ఐదు రోజుల ముందు, సుప్రీంకోర్టులో అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం ముందుకు రాజస్థాన్ నుంచి ఒక బెయిల్ పిటిషన్ వచ్చింది. అక్కడ అత్తను పాముతో చంపించిందని కోడలి మీద కేసు. పాములవాళ్ల దగ్గర పాముల్ని తెచ్చి చంపడం కొత్త పోకడగా మారిందని ధర్మాసనం అంది, బెయిల్ ఇవ్వలేదు. అత్త, భార్య, ఇప్పుడు తండ్రి. పాము అదే, ఇల్లు అదే.

అక్టోబరు 11న సూరజ్ దోషి అన్నారు, 13న శిక్ష. ప్రాసిక్యూషన్ ఉరి అడిగింది. జడ్జి ఇది అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన కేసేనని అంటూనే, వయసు 28, ఇంతకుముందు నేర చరిత్ర లేదని ఉరి వేయలేదు. విషప్రయోగానికి 10 ఏళ్లు, సాక్ష్యాలు మాయం చేసినందుకు 7 ఏళ్లు, ఈ 17 ఏళ్లూ గడిచాకే యావజ్జీవం మొదలవుతుంది. అదీ రెండు యావజ్జీవాలు, ఐదు లక్షల పైగా జరిమానా. ఉరి పడలేదని తల్లి బాధపడింది, చాలామంది మలయాళీలు కూడా.

తిరువళ్లూరు కేసుకు వస్తే, పోలిక చాలానే ఉంది, కానీ ఒక తేడా దగ్గర నా మనసు ఆగిపోతోంది. అక్కడ మొదట అనుమానపడింది ఇంట్లోవాళ్లు కాదు, బీమా కంపెనీ. అంత ఆదాయం లేని ఇంట్లో అన్ని పాలసీలేమిటని వాళ్లకు డౌట్ వచ్చింది. ఉత్ర పేరు మీద అలా లెక్కలు చూసే కంపెనీ ఏదీ లేదు. తల్లి ఉంది, మెట్ల మీద పాము సంగతి కూతురు చెప్పిన ఫోన్ కాల్ గుర్తుంది.

రెండు యావజ్జీవాలు ఎందుకని చాలామంది అడుగుతుంటారు. ఒకటి మే 7 హత్యకు. రెండోది మార్చి 2 రాత్రి హత్యాయత్నానికి, అప్పుడెవరూ కేసు పెట్టని ఆ మొదటి కాటుకు.