మందు వేరు, గిన్నె వేరు

మా పిల్లి మల్లి కొర్రమీను మానేసి ఏడు నెలలైంది. అంతకుముందు సంచీలో చేప ఉందంటే గేటు దగ్గరికే ఎదురొచ్చేది. పన్నెండేళ్ల వయసులో దాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలిసిన వారంలోనే, నేను ఒక మాత్రను నూరి, ఉడికించిన కొర్రమీను ముక్కలో కలిపి పెట్టాను. ఒక్కసారి నాలుక ఆనించింది. నోటి నిండా నురగ వచ్చింది. తల విదిలించుకుంటూ మంచం కిందికి వెళ్లిపోయింది. మర్నాడు మందు కలపని చేప పెట్టినా దగ్గరికి వచ్చి వాసన చూసి, మట్టి కప్పుతున్నట్టుగా గిన్నె చుట్టూ నేలను కాలితో గీకింది. మా అమ్మ అది చూసి, "నిన్న అందులో మందు కలిపావా? ఇక ఆ చేప సంగతి మరిచిపో బిడ్డా, అది ముట్టదు" అంది. అమ్మ మాటే నిజమైంది.

ముసలి పిల్లుల్లో తరచుగా కనిపించే దీర్ఘకాలిక జబ్బుల్లో మూత్రపిండాల క్షీణత ఒకటి. పెంచుకునేవాళ్లు దాన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇంట్లోనే చూసుకోవాలి. హనుమకొండలో నాకు తెలిసిన ఇళ్లలో ఈ స్థితికి వచ్చిన ప్రతి ఒక్కరూ అనే మాట ఒకటే: "మా పిల్లి మొండిది, ఏదీ తినదు, మందు అసలే మింగదు." ఆ మొండితనం వెనుక శరీరం చేసే లెక్క ఒకటి ఉంది. అది తెలియక నేను ఒక మంచి ఆహారాన్ని దానికి శాశ్వతంగా దూరం చేశాను. మరొకరు ఆ పొరపాటు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. ఎలుకల బాధ పోవడానికి రాయలవారు ఇంటింటికీ పిల్లినీ, దాని పాల కోసం ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు తన పిల్లి ముందు మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి తర్వాత పాలగిన్నె కనిపిస్తేనే పరుగు తీసింది. చిన్నప్పుడు ఆ కథకు నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు ఆ పిల్లి మీదే జాలి.

ఆ కథలో ఉన్నదానికి దగ్గరి సంగతినే 1955లో అమెరికాలో జాన్ గార్సియా, ఆయన సహచరులు ఎలుకల మీద చూపించారు. సాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగుతున్న ఎలుకలను గామా కిరణాలకు గురిచేశారు. ఆ కిరణాలు వికారం పుట్టిస్తాయి. ఆ తర్వాత ఎలుకలు తీపి నీళ్లను వదిలేశాయి. ఇందుకు ఒక్క అనుభవం చాలుననీ, తినడానికీ కడుపు తిప్పడానికీ మధ్య గంటల ఎడం ఉన్నా మెదడు ఆ నేరాన్ని తిండి మీదే మోపుతుందనీ తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అడవిలో బతికే జంతువుకు ఇది ప్రాణరక్షణ. విషపు తిండి మీద రెండో ప్రయోగం చేసే అవకాశం దానికి ఉండదు కదా.

మూత్రపిండాల జబ్బులో ఈ గుణమే పిల్లికి శత్రువవుతుంది. మనిషి ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల వడపోత గొట్టాలుంటే, పిల్లికి ఉండేవి దాదాపు 2 లక్షలు. అవి ఒక్కొక్కటిగా పోతున్నా మిగిలినవి బరువు మోస్తూనే ఉంటాయి. పనిచేసే శక్తిలో ఇంచుమించు ముప్పావు వంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు వడపోసి బయటికి పంపాల్సిన ఒక మలినం, హద్దు దాటదు. మల్లి నివేదికలో 3.1 అని కనిపించిన రోజున నేను అది జబ్బు మొదలైన రోజు అనుకున్నాను. నాలుగు దశల జబ్బులో అది అప్పటికే మూడో దశ. వడపోత తగ్గేకొద్దీ మలినాలు రక్తంలో పేరుకుని కడుపు తిప్పుతాయి. ఆ వికారంలో పిల్లి ముందు ఏ గిన్నె ఉంటే నింద దాని మీద పడుతుంది. అందుకే డాక్టర్ రాసిన ప్రత్యేక ఆహారాన్ని పిల్లి బాగా నీరసించి ఉన్న రోజునే తెచ్చి పెట్టకూడదు. ముందు వికారం తగ్గే మందు ఇప్పించి, అది కాస్త తేరుకున్నాక, పాత తిండి పక్కన కొత్తది కొంచెంగా మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. మా డాక్టరమ్మ చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చినది ఇదే.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మందు వేరు, గిన్నె వేరు. మందు వరండాలో. తిండి వంటగదిలో. మందు వేసిన చేత్తోనే వెంటనే తిండి పెట్టను, చేతులు కడుక్కుని వెళతాను. కలిపి ఇవ్వక తప్పని మందులు కొన్ని ఉంటాయి. ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే పొడి మందు, తిండితో పాటే కడుపులోకి వెళ్లాలి, లేకపోతే దానివల్ల ఉపయోగం లేదు. అలాంటి దాన్ని చిటికెడులో చిటికెడుగా మొదలుపెట్టి అలవాటు చేయాలి.

పిల్లి నాలుక సంగతి కూడా చెప్పాలి. పిల్లులకు తీపి తెలియదు. తీపిని పట్టే గ్రాహకానికి కావలసిన ఒక జన్యువు వాటిలో చెడిపోయి ఉందని 2005లో కనుగొన్నారు. పసిపిల్లల కోసం స్ట్రాబెర్రీ రుచి కలిపిన సిరప్ పిల్లికి తీపి కాదు, కొత్త వాసన వేసే జిగురు మాత్రమే. చేదు మాత్రం దానికి బాగానే తెలుస్తుంది. చేదు తగలగానే కారే ఆ నురగను చూసి మందు వికటించిందని భయపడనక్కర్లేదు. అది నోరు కడుక్కునే ప్రయత్నం. బాగా చేదైన మాత్రను ఖాళీ జెలటిన్ గొట్టంలో పెట్టి వేయవచ్చా అని డాక్టర్‌ను అడగండి. పైపూత ఉన్న మాత్రలను మాత్రం అడగకుండా నూరవద్దు, విరగ్గొట్టవద్దు.

ఇక మాత్ర వేయడం. మొదట్లో నేనూ అమ్మా కలిసి దాన్ని తువ్వాలులో బిగించి పట్టుకునేవాళ్లం, ముగ్గురికీ గుండె దడ. ఇప్పుడు ఒక్కదాన్నే వేస్తున్నాను. వరండా గట్టు మీద దాని వీపు నా పొట్టకు ఆనేలా కూర్చోబెడతాను. వెనక్కి పారిపోవడానికి చోటుండదు, ముందు నుంచి ఎవరూ మీదికి రారు. ఎడమ చేతి బొటనవేలు, మధ్యవేలు చెంప ఎముకల మీద పైనుంచి ఆనించి, ముక్కు ఆకాశం వైపు తిరిగేలా తల మెల్లగా ఎత్తుతాను. అలా ఎత్తితే కింది దవడ దానంతటదే కాస్త సడలుతుంది. కుడిచేతి మధ్యవేలితో కింది ముందు పళ్లను నొక్కి, చూపుడువేలు బొటనవేలు మధ్య ఉన్న మాత్రను నాలుక వెనుక భాగంలో, మధ్యలో జారవిడుస్తాను. నాలుక ముందు భాగాన పడితే ఉమ్మేస్తుంది. నోరు మూసి తల మామూలుగా దించుతాను. ముక్కును ఒకసారి నాక్కుంటే మింగినట్టు. అంతా కలిపి నాలుగైదు సెకన్లు.

అక్కడితో అయిపోయిందనుకోవద్దు. పొడి మాత్ర పిల్లి అన్నవాహికలో నిమిషాల తరబడి ఇరుక్కుపోగలదు. డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు అలా ఇరుక్కుంటే అక్కడ పుండు పడి, మానేటప్పుడు గొట్టం సన్నబడిపోయిన పిల్లులున్నాయి. మాత్ర వెనుకే సూది లేని సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా, మింగే వ్యవధి ఇస్తూ పట్టాలి. ఒక్కసారిగా గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాత్రకు కాస్త వెన్న రాస్తే కూడా జారుతుంది.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం అల్మారాలోనే ఉంటుంది. పిల్లి నలతగా ఉంటే పారాసెటమాల్‌లో చిన్న ముక్క వేసేవాళ్లను చూశాను. దయచేసి వేయకండి. ఆ మందును విషరహితంగా మార్చి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో ఉంది. పిల్లులలో దాని జన్యువు పనిచేయదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగులోకో నీలంలోకో తిరుగుతాయి. నొప్పి మాత్రలైన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, నేరుగా మూత్రపిండాల మీద దెబ్బ. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని మన రాబందులు చచ్చిపోయిందీ మూత్రపిండాలు పాడయ్యే. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు.

తిండి విషయానికి వస్తే, ఈ జబ్బులో తగ్గించాల్సిన వాటిలో ముఖ్యమైనది ఫాస్ఫరస్. ఎముకలు, ఎండు చేపలు, పాలు అందుకే పనికిరావు. ఎండు చేపల్లో ఉప్పు కూడా ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి ఏ పిల్లికీ పెట్టకూడదు, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. కాబట్టి మన కూరలోంచి ముక్క కడిగి పెట్టడం కుదరదు. పెరుగన్నం మీద బతికే పిల్లులను మన వైపు చాలా చూస్తాం, కానీ పిల్లి శరీరం మాంసం కోసమే తయారైంది. టారిన్ అనే పదార్థాన్ని అది తగినంత చేసుకోలేదు. అది లోపిస్తే గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో నిరూపించారు. ఉత్త ఉడికించిన కోడిమాంసం కూడా కాల్షియం లేని, అసంపూర్ణమైన తిండే. ఇన్ని చెప్పినా, పిల్లి ఏ రోజైనా ప్రత్యేక ఆహారాన్ని కాదంటే పస్తు పెట్టి దారికి తేవాలని చూడకండి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. తినకుండా ఉండేకంటే ఏదో ఒక పాత తిండి తినడం మేలు. ఫ్రిజ్‌లోంచి తీసిన దాన్ని గోరువెచ్చగా చేయండి. పిల్లి ఒంటి వేడి సుమారు 38 డిగ్రీలు, అప్పుడే వేటాడిన ఎలుక కూడా అంత వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి వాసన లేస్తుంది, వాసన లేస్తేనే అది నోరు తెరుస్తుంది.

నీళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. పెంపుడు పిల్లి పూర్వీకులు ఎడారి అంచుల అడవి పిల్లులు. నీళ్లు తక్కువ తాగి, మూత్రాన్ని బాగా చిక్కబరచి బతికే శరీరం వాటిది. జబ్బు పడిన మూత్రపిండం చిక్కబరచలేదు, నీళ్లు వృథాగా పోతాయి. తాగేది ఎంత పెంచినా చాలదు. మే నెలలో వరంగల్ ఎండ 43 డిగ్రీలు దాటినప్పుడు ఒక్క రోజులో చర్మం పట్టు తప్పడం కళ్లారా చూశాను. మెడ వెనుక చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాల్సింది మడతగానే నిలబడిపోయింది. మల్లి స్టీలు గిన్నెలో నీళ్లు ముట్టదు. రంజన్ (నీళ్ల మట్టికుండ) అడుగున ఊరే తడిని మాత్రం ఇష్టంగా నాకుతుంది. దానికోసం రంజన్ పక్కన ఒక మట్టి మూకుడు పెట్టాం, నీళ్లు అందులోనే తాగుతుంది. పొడి గింజల తిండిలో నీరు పదో వంతు మాత్రమే, తడి తిండిలో ముప్పావు వంతుకు పైనే. తడి తిండి వైపు మళ్లించగలిగితే అదే పెద్ద సాయం.

అది కూడా చాలనప్పుడు చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పిస్తారు. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా ఎత్తి సూది దించాలి. సీసాను ముందుగా గోరువెచ్చని నీళ్లలో ఉంచితే పిల్లి ఉలిక్కిపడదు. ఎక్కాక వీపు మీద చిన్న గూనిలా లేస్తుంది, కొన్నిసార్లు ఒక ముందు కాలి వైపు జారుతుంది, కొన్ని గంటల్లో ఒంట్లో కలిసిపోతుంది. ఎంత, ఎన్ని రోజులకొకసారి అన్నది డాక్టరే చెప్పాలి. గుండె జబ్బున్న పిల్లికి ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

రక్తపోటును మరువకండి. ఈ జబ్బున్న పిల్లుల్లో అది పెరిగి, కంటి తెర ఊడి, రాత్రికి రాత్రే చూపు పోవచ్చు. దానికి ఇచ్చే ఆమ్లోడిపిన్ మనుషులదే. 2.5 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు, అంటే 0.625, సాధారణంగా మొదలుపెట్టే మోతాదు. కంటితో చూసి కత్తితో కోస్తే వంతులు సమంగా రావు, మాత్రలు కోసే డబ్బీ కొనండి. పిల్లి గోడలకు తగులుతూ నడిచినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, ఆ రాత్రి ఆగకుండా డాక్టర్‌కు ఫోను చేయాలి.

మా వంటగది తలుపు వెనుక ఒక నోటు పుస్తకం వేలాడుతుంది. ప్రతి ఆదివారం అమ్మ మల్లిని పసిపిల్లల తూకంలో కూర్చోబెడుతుంది, నేను రాస్తాను. జబ్బు తెలిసిన రోజుకు అది 3.8 నుంచి 3.4 కిలోలకు దిగింది. మనకు 400 గ్రాములే అనిపిస్తుంది, దాని ఒంటిలో అది పదో వంతు. 60 కిలోల మనిషి 6 కిలోలు చిక్కినట్టు. మొన్నటి ఆదివారం 3.6. ఆ పక్కనే అమ్మ తన చేతివ్రాతతో ఇంకో మాట రాసింది: "ఈ రోజు చేప దగ్గరికి వచ్చి వాసన చూసింది. తినలేదు. గీకలేదు."