పడిన చెట్టు దిక్కు: తుపాను దారికీ నష్టం లెక్కకూ మధ్య రెండు వందల ఏళ్ల కథ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, ఉండుండి 165 కిలోమీటర్ల దాకా వీచిన గాలులకు వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లోని కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఆ తరువాత, ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో వీచిన గాలి మీద రెండు లెక్కలు తయారయ్యాయి. రెవెన్యూ, ఉద్యాన శాఖల సిబ్బంది తోట తోటా తిరిగి రాసుకున్న నష్టం లెక్క ఒకటి. ఉపగ్రహ చిత్రాలు, రాడార్, తీర కేంద్రాల కొలతలు ముందు పెట్టుకుని, తుపాను కేంద్రం ఏ గంటకు ఎక్కడున్నదో వాతావరణ శాఖ సరిచూసి గీసిన దారి రెండోది. మొదటిదానికి పరిహారం కావాలి, రెండోదానికి రికార్డు కావాలి. ఈ రెండింటినీ ఇప్పుడు వేర్వేరు శాఖల పనులుగా చూడడం మనకు అలవాటైంది గాని, తుపాను శాస్త్రం పుట్టిన నాడు ఇవి రెండు పనులు కావు. పడిన చెట్లను చూసే గాలి దారిని కనిపెట్టారు.

1821 సెప్టెంబరులో అమెరికా ఈశాన్య తీరాన్ని ఒక హరికేన్, అంటే అట్లాంటిక్ తుపాను, ఊడ్చివేసింది. జీను తయారీ పని నేర్చి, తరువాత ఆవిరి పడవల వ్యాపారంలోకి వెళ్లిన విలియం రెడ్‌ఫీల్డ్ ఆ తుపాను వెళ్లిన ప్రాంతంలో ప్రయాణిస్తూ ఒక వింత గమనించాడు. కనెక్టికట్‌లో చెట్ల తలలు వాయవ్యం వైపు పడి ఉండగా, అక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అవే తలలు ఆగ్నేయం వైపు పడి ఉన్నాయి. ఒకే తుపాను రెండు చోట్ల ఎదురెదురు దిక్కులకు చెట్లను తోసిందంటే, అది తిన్నగా సాగే గాలి కాదని, ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ ముందుకు జరిగే గాలి అని అతను తేల్చి, పదేళ్ల తరువాత 1831లో ప్రచురించాడు. ఈ మాటను అమెరికా వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ ఎస్పీ ఒప్పుకోలేదు. గాలి తిరగదని, నలువైపుల నుంచీ కేంద్రంలోకి తోసుకు వస్తుందని ఆయన వాదం. 1835 జూన్‌లో న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్ పట్టణాన్ని ఒక టోర్నడో, అంటే మేఘం నుంచి నేలకు దిగే భీకరమైన సుడిగాలి, తాకినప్పుడు శాస్త్రవేత్త అలెగ్జాండర్ డల్లాస్ బేష్ దిక్సూచి పట్టుకుని శిథిలాల మధ్య నడిచి, ఏ వస్తువు ఏ దిక్కుకు పడిందో కొలిచి రాశాడు. అతని కొలతలు ఎస్పీ వైపు మొగ్గాయి. ఇద్దరూ సగం సగం నిజం చెప్పారని, గాలి తిరుగుతూనే లోపలికి చొచ్చుకు వస్తుందని తేలడానికి మరికొంత కాలం పట్టింది. ఆ వివాదంలో ఎవరు గెలిచారన్నది నా దృష్టిలో చిన్న విషయం. వాళ్లకు తీర్పరిగా నిలిచింది నేల మీద పడి ఉన్న చెట్టు కావడమే పెద్ద విషయం.

బంగాళాఖాతంలో కథ వేరేగా నడిచింది. ఇక్కడ తుపాను ఎక్కువ కాలం గడిపేది నీటి మీద కాబట్టి సాక్ష్యం ఓడల లాగ్ పుస్తకాల్లో దొరికేది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ ఆ పుస్తకాలు సేకరించి, ఏ ఓడకు ఏ గంటలో ఏ దిక్కు గాలి తగిలిందో పటం మీద గుర్తించి, వాటి నుంచి తుపాను కేంద్రం నడిచిన గీతను రాబట్టేవాడు. తుపానుకు సైక్లోన్ అన్న పేరును 1848లో నావికుల కోసం రాసిన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. మన గోదావరి ముఖద్వారంలోని కోరంగిని 1789లో ముంచిన ఉప్పెన ఆయన ప్రస్తావించిన ఉదాహరణల్లో ఒకటి. 1864 కలకత్తా తుపాను, ఆ వెనుక వచ్చిన కరవుల దెబ్బకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1891 నుంచి బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టిన తుపానుల దారులన్నీ ఆ శాఖ అట్లాసులో ఉన్నాయి. దేశంలో తొలి తుపాను రాడార్ 1970లో విశాఖపట్నంలోనే నిలిచింది. అక్కడి తుపాను హెచ్చరికల కేంద్రం 1974లో మొదలైంది. ఉపగ్రహ చిత్రంలో మేఘాల చుట్టను చూసి తీవ్రతను అంచనా వేసే డ్వొరాక్ పద్ధతి వచ్చాక దారి గీయడానికి నేల మీది చెట్టుతో అవసరం తగ్గిపోయింది.

ఆ అవసరం తగ్గనిది టోర్నడో విషయంలోనే. తుపాను వందల కిలోమీటర్ల వెడల్పుతో రోజుల తరబడి నడుస్తుంది. టోర్నడో తరచు కొన్ని వందల మీటర్ల వెడల్పుతో, కొన్ని నిమిషాల్లో పుట్టి పోతుంది. గాలి కొలిచే పరికరం మీదుగా అది వెళ్లడం అరుదు, వెళితే పరికరం మిగలడం ఇంకా అరుదు. కాబట్టి అది వదిలి వెళ్లిన నష్టమే దాని జాతకం. ఈ జాతకాన్ని చదవడం ఒక క్రమశిక్షణగా మార్చినవాడు వాతావరణ శాస్త్రవేత్త తెత్సుయా ఫుజిటా.

జపాన్‌లోని క్యుషు ద్వీపంలో 1920లో పుట్టిన ఫుజిటా 1945లో నాగసాకి, హిరోషిమా శిథిలాలను పరిశీలించిన యువ అధ్యాపకుడు. సమాధుల దగ్గర పూలు పెట్టే వెదురు గొట్టాలపై కాలిన మచ్చలు ఏ వైపు ఉన్నాయో చూసి, బాంబు ఎంత ఎత్తున, ఎక్కడ పేలిందో లెక్కగట్టాడు. 1953లో షికాగో చేరాక అదే చూపును గాలుల మీదికి తిప్పాడు. 1957లో నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణాన్ని టోర్నడో తాకినప్పుడు ఊరి జనం తీసిన ఫోటోలను పోగుచేసి, ఒక్కోటి ఏ చోటు నుంచి ఏ క్షణాన తీశారో తేల్చి, ఆ సుడి బతుకును మొదటి నుంచి చివరి దాకా తిరిగి కట్టాడు. 1965 ఏప్రిల్ 11న అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఒకే రోజు పదుల సంఖ్యలో టోర్నడోలు విరుచుకుపడ్డాక చిన్న విమానంలో వాటి దారుల మీదుగా తిరిగాడు. పొలాల్లో వలయాలు వలయాలుగా కనిపించిన గీతలను అంతకు ముందు ఏదో బరువైన వస్తువు ఈడ్చుకుపోయిన గుర్తులనుకున్నారు. అవి గాలి కుప్పపెట్టిన మొక్కజొన్న దుబ్బుల వరసలని, పెద్ద సుడి లోపల చిన్న సుడులు తిరుగుతున్నాయనడానికి అవే ఆనవాళ్లని ఆయన చెప్పాడు. నష్టాన్ని చూసి గాలి వేగాన్ని అంచనా వేసే ఎఫ్ స్కేలును 1971లో ప్రతిపాదించాడు.

1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో 13 రాష్ట్రాల్లో 148 టోర్నడోలు పుట్టి, 300 మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఫుజిటా బృందం వాటి దారులన్నిటినీ గాలిలో నుంచి, నేల మీద నుంచి సర్వే చేసి ఒకే పటం మీదికి ఎక్కించింది. ఆ సర్వేలోనే వెస్ట్ వర్జీనియా అడవి మీదుగా వెళ్తున్నప్పుడు ఒక చోట చెట్లు సుడిలో చిక్కినట్టు కాక, నడిమధ్య నుంచి నలువైపులా బయటికి పడి ఉండడం ఆయన కంటపడింది. నాగసాకిలో బాంబు పేలిన చోటు చుట్టూ చూసిన వరస అది. మేఘం నుంచి గాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలను తాకి చెదిరిపోతేనే అలా పడతాయని ఆయన ఊహించాడు. మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్ విమానాశ్రయంలో దిగబోతూ ఒక విమానం కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు, కారణం అలాంటి గాలేనని వాదించాడు. చాలామంది నమ్మలేదు, 1978లో రాడార్ ప్రయోగాలు ఆయన మాటను నిజం చేశాయి. ఈనాడు విమానాశ్రయాల్లో అలాంటి గాలిని పసిగట్టే ఏర్పాట్ల వెనుక ఒక అడవిలో చెట్లు పడిన తీరు ఉంది.

ఎఫ్ స్కేలును 2007లో సవరించి ఈఎఫ్ స్కేలు చేశారు. ఇల్లు, బడి, కరెంటు స్తంభం మొదలుకుని 28 రకాల వస్తువులను ఎంచి, ఒక్కోటి ఏ మేరకు దెబ్బతింటే ఎంత గాలి తగిలి ఉంటుందో అందులో చెప్పారు. ఆ వరసలో చివరి రెండూ చెట్లే. అయితే ఈ పద్ధతికి ఒక మౌలిక లోపం ఉంది: పడగొట్టడానికి ఏమీ లేని చోట గాలి ఎంత వేగంగా వీచినా స్కేలుకు కనిపించదు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర వీచిన టోర్నడో నాలుగు కిలోమీటర్లకు మించిన వెడల్పుతో సాగింది. దాని లోపల గంటకు 450 కిలోమీటర్లకు పైబడిన గాలులను సంచార రాడార్ కొలిచింది. అది ఎక్కువగా పొలాల మీదుగా వెళ్లింది కాబట్టి, నష్టాన్ని బట్టి దానికి దక్కిన స్థాయి ఈఎఫ్ 3 మాత్రమే (అన్నిటికంటే పైది ఈఎఫ్ 5).

టోర్నడోలు మనకు సంబంధం లేని సంగతి అనుకోవడానికి వీల్లేదు. 1998 మార్చి 24న ఒడిశా, పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బాలేశ్వర్, మిడ్నాపూర్ ప్రాంతాలను, 2009 మార్చి 31న ఒడిశాలోని కేంద్రపడా జిల్లాను టోర్నడోలు తాకి ప్రాణాలు తీశాయి. 2024 ఆగస్టు 31న తెలంగాణలోని ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో కొద్దిసేపట్లో సుమారు 50,000 చెట్లు కూలాయని అటవీ శాఖ తొలి అంచనా వేసినప్పుడు, అది సుడిగాలా, మేఘం నుంచి దూకిన గాలా అన్న చర్చ వెంటనే లేచింది. ఆ చర్చకు ఆధారం చెట్లు పడిన తీరే. సుడిగాలి దారిలో చెట్లు లోపలికి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. దూకిన గాలి కింద బయటికి చెదిరి పడతాయి. తుపానులో మైళ్ల తరబడి ఒకే వైపుకు పడుతూ, ఆ వైపు ఊరు ఊరికీ నెమ్మదిగా మారుతుంది.

ఉద్దానానికి ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే తిత్లీ ఎలాంటి గుర్తులు వదిలి ఉండాలో చెప్పవచ్చు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి తుపాను వాయవ్యం వైపు నడుస్తూ తీరం దాటినప్పుడు, దాటిన చోటికి ఉత్తరాన ఉన్న కవిటి, ఇచ్ఛాపురం వైపు బలమైన గాలి సముద్రం నుంచి వచ్చి చెట్లను పడమటి దిక్కుకు వంచుతుంది. దక్షిణాన టెక్కలి వైపు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీచి వాటిని తూర్పు పక్కకు తోస్తుంది. కేంద్రం గడిచిన ఊళ్లో గాలి కాసేపు తెరిపిచ్చి మళ్లీ ఎదురు దిక్కు నుంచి లేస్తుంది. రెడ్‌ఫీల్డ్ చూసిన బొమ్మ ఇదే. వాతావరణ శాఖ పాత పరిశీలన కేంద్రాలైన కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య నూరు కిలోమీటర్లకు పైగా తీరం ఉంది, తిత్లీ ఆ మధ్యలోనే దాటింది. అలాంటి చోట తోటలే గాలికి సాక్షులు. పైగా తీరం దాటాక ఈ తుపాను మామూలుగా వెళ్లే దారిలో పోక ఈశాన్యానికి మలుపు తిరిగి, ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరగడానికి, వంశధారలో వరదకు కారణమైంది. ఆ మలుపు మొదలైన చోట నేల మీది ఆనవాళ్లకు విలువ మరింత ఎక్కువ.

నష్టం లెక్కకు ఈ సంగతులతో పని లేదు, అది తప్పూ కాదు. నష్టం నమోదు (ఎన్యూమరేషన్) కాగితానికి కావలసినవి రైతు పేరు, సర్వే నంబరు, పడిన చెట్ల సంఖ్య లేదా విస్తీర్ణం, బ్యాంకు ఖాతా. కొబ్బరికి చెట్టు లెక్కన, జీడికి హెక్టారు లెక్కన పరిహారం కట్టారు. కొబ్బరి చెట్టుకు మొదట ఇచ్చిన 1,500 రూపాయలను 2019లో వచ్చిన ప్రభుత్వం 3,000 చేసింది. సాధారణ పంటల్లో నష్టం 33 శాతం దాటితేనే సాయానికి అర్హత. 2015కు ముందు ఆ గీత 50 శాతం దగ్గర ఉండేది. ఈ గీతలూ రేట్లూ డబ్బుకు సంబంధించినవి కాబట్టి ఊళ్లో తగవంతా వాటి చుట్టూ జరుగుతుంది: లేని చెట్టు లెక్కకెక్కిందని ఒకరు, ఉన్న చెట్టు లెక్కలోంచి ఎగిరిపోయిందని మరొకరు, కౌలుకు చేసినవాడికి రావలసింది భూమి యజమాని ఖాతాలో పడిందని ఇంకొకరు. నిలబడి ఉండి, మొవ్వు తిరిగిపోయి నెలల తరువాత ఎండిపోయే కొబ్బరి చెట్టును ఏ గడిలో రాయాలన్నది వీటన్నిటికంటే కష్టమైన ప్రశ్న. సర్వే వారం రోజుల్లో ముగుస్తుంది, ఆ చెట్టు చావు ముగియదు.

సాక్ష్యం చెరిగిపోయే వేగం కూడా గమనించాలి. దారులకు అడ్డం పడిన మానులను మొదటి రెండు మూడు రోజుల్లోనే రంపాలతో కోసి పక్కకు తోస్తారు, తోటల్లోని కలప అమ్ముడుపోతుంది, మట్టలు పొయ్యిలోకి వెళ్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం జిల్లాను కుదిపి, అరకు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పడగొట్టింది. తీరం నుంచి మైదానం, మైదానం నుంచి కొండ వరకు గాలి ఎలా బలం మార్చుకుందో చదవడానికి అంతకంటే మంచి నేల దొరకదు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటిన గులాబ్ గాలి వేగం హుద్‌హుద్ వేగంలో సగమే కాబట్టి, పోల్చి చూడడానికి అదీ పనికొచ్చేది.

తుపానులకైనా ఉపగ్రహం ఉంది. వైశాఖ మాసపు గాలివానకు ఏదీ లేదు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, ఒక ఊరి అరటి తోటను పడగొట్టి, పక్క ఊరిని ముట్టకుండా పోయే గాలి ఏ అట్లాసులోకీ ఎక్కదు. దాని పేరు మరునాటి పేపర్లో గాలివాన బీభత్సం, అంతే. అది సుడో, దూకిన గాలో, మామూలు ఈదురుగాలో తేల్చగలిగేది పడిన చెట్ల దిక్కు ఒక్కటే.

పడిన చెట్ల దిక్కును రాసిపెట్టే పనికి కొత్త శాఖ అక్కర్లేదు. ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంటల నమోదులో పొలం స్థానంతో సహా ఫోన్‌లో ఫోటో తీయడం సిబ్బందికి ఇప్పటికే అలవాటైన పని, అదే ఫోన్‌లో దిక్సూచి కూడా ఉంటుంది. చెట్టు మొదలు దగ్గర నిలబడి తల వైపు ఫోటో తీస్తే దిక్కు నమోదవుతుంది. దానితో పాటు వేళ్లతో లేచిందా, నడుము విరిగిందా అన్నది ఒక్క మాటలో రాస్తే చాలు. జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. సముద్రం వైపు వాలి పెరిగిన కొబ్బరి గాలి దిక్కుకు కాక తన వాలుకే పడవచ్చు. ఇసుక నేలలో వానకు నానిన వేళ్లు కొద్దిపాటి గాలికే లేస్తాయి. గొడుగులా పరుచుకున్న జీడి కొమ్మలు గాలిని ఎక్కువగా పట్టుకుంటాయి కాబట్టి జీడినీ కొబ్బరినీ ఒకే కొలతతో చదవకూడదు. ఒక చెట్టు పక్క చెట్టును పడగొడితే రెండోదాన్ని లెక్కలోంచి తీసేయాలి. అందుకే తోటకు పది చెట్లయినా, విడిగా నిలిచినవి, తిన్నగా పెరిగినవి ఎంచుకుని, రంపాలు రాకముందే తీయాలి.