గాలిని తోసేదెవరు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

చెట్లు ఊగడం వల్లే గాలి వస్తుందని బుజ్జి, గాలి వస్తేనే చెట్లు ఊగుతాయని చిన్నా పోట్లాడుకున్నారట, మీ అమ్మ చెప్పింది. చిన్నాదే రైటు. ఒక్క చెట్టూ లేని నడిసముద్రంలో కూడా గాలి వీస్తుంది కదా. అయితే బుజ్జి ఆ తర్వాత వేసిన ప్రశ్న గట్టిది: "మరి గాలిని ఎవరు తోస్తున్నారు?"

గాలికి బరువుంది. మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు ఉంటే అందులోని గాలి 30 కిలోలు దాటుతుంది. మన నెత్తిన ఎంతో ఎత్తు దాకా ఉన్న గాలి బరువంతా కింద ఒత్తుతూనే ఉంటుంది. దాన్నే వాతావరణ పీడనం అంటారు. అది ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి గాలి కదులుతుంది. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కితే బుస్సుమని వచ్చేది అందుకే.

ఆ తేడాలు తెచ్చేది ముఖ్యంగా ఎండ. వేడికి గాలి ఎలా కదులుతుందో మీ ఇంట్లోనే చూడొచ్చు. గది బాగా చల్లబడ్డాక ఏసీ, ఫ్యాను ఆపేసి, తలుపు బెత్తెడు తెరిచి అమ్మని అగరుబత్తి పట్టుకోమనండి. కింద గడప దగ్గర పెడితే పొగ హాల్లోకి పోతుంది, తలుపు పైఅంచు దగ్గర పెడితే గదిలోకి వస్తుంది. చల్లగాలి బరువు కాబట్టి కిందనుంచి బయటికి జారుతుంది, దాని బదులు పైనుంచి వెచ్చటి గాలి లోపలికి చేరుతుంది.

మా భీమిలిలో మధ్యాహ్నం జరిగేదీ ఇదే. సముద్రం ఏసీ గది, ఊరు హాలు. ఎండాకాలం పదకొండింటికి ఇసుకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం, నీళ్లలో కాలు పెడితే హాయిగా ఉంటుంది. రెండిటి మీదా పడేది ఒకే ఎండ. కానీ ఇసుకలో వేడి పైపైనే ఉండిపోతుంది, చేత్తో కాస్త తవ్వితే లోపల చల్లగానే తగులుతుంది. నీళ్లు ఆ వేడిని లోతుకి పంచేస్తాయి. పైగా నీళ్లు వేడెక్కాలంటే అంతే బరువున్న ఇసుకకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వేడి కావాలి. అందుకని నేల మీది గాలి ముందు వేడెక్కి తేలికై పైకి పోతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకి వస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారిపోతుంది కాబట్టి గాలి ఎదురు తిరుగుతుంది. తెరచాపల రోజుల్లో జాలర్లు తెల్లవారుజామున ఆ నేలగాలితో వేటకి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగొచ్చేవారు. డీజిలు ఖర్చు లేదు!

మే నెలలో ఒక్కోసారి పడమటి నుంచి వేడిగాలి బలంగా వీచి, సముద్రపు గాలిని ఊళ్లోకి రానివ్వదు. ఆ రోజు కోస్తాలో ఉడికిపోతాం, ఫ్యాను కింద కూర్చున్నా ఒకటే.

రుతుపవనాల వెనకా చాలావరకు ఈ నేల, సముద్రాల తేడాయే ఉంది. తుపానులో మాత్రం పీడనం తేడా మరీ ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు దాని నడిమధ్య పీడనం 950 మిల్లీబార్ల దాకా పడిపోయింది. మామూలుగా 1010 దగ్గర ఉండాలి. అంత తేడా ఉంటే గాలి గంటకి 180 కిలోమీటర్ల వేగంతో కొట్టిందంటే ఆశ్చర్యం ఏముంది? తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, ఊరి మీదికి వచ్చినప్పుడు కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకునేలోపు ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది, ఎందుకంటే తుపానులో గాలి గుండ్రంగా తిరుగుతుంది.

తిన్నగా రాకుండా ఎందుకు తిరుగుతుందని అడుగుతారుగా? అది భూమి తిరగడం వల్ల. కానీ అది ఉత్తరంలో రాస్తే అర్థం కాదు, వేలుపెట్టి చూపించాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ గ్లోబు మర్చిపోకుండా తీసుకురండి.

ఇట్లు,
మీ తాతయ్య